చావడి గోడ మీది జాబితా

మన పాఠశాల సంచిక వెలువడు ప్రతి పర్యాయమును నన్నొక వ్యాసమడుగుట వాడుక. ఇంతవరకు ఛందస్సును గూర్చియు, సామెతలను గూర్చియు, మన సీమ పాటలను గూర్చియు వ్రాసియుంటిని. ఈ మారు నా యింటి పద్దు నొకదానిని వ్రాయదలచితిని. అందు నా తప్పు కొంత గలదు. అది మన విద్యార్థులలో కొందరికి తెలిసినదే గనుక దాచుట వలన ప్రయోజనము లేదు. తెలియనివారికి కూడ తెలియుట మేలని తోచి వ్రాయుచున్నాను.

మన దేశనూరు సిరుగుప్ప తాలూకాలో తుంగభద్ర యొడ్డున నున్నది. విజయనగర రాజుల నాటి కాలువలలో మన యూరి పేరు గలదియు నొకటి. తుంగభద్ర ఆనకట్ట నీరు కాలువలకు వచ్చిన 1953వ సంవత్సరముననే, అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రమేర్పడి, పాత బళ్ళారి జిల్లా రెండుగా చీలినది. ఆదవాని, ఆలూరు, రాయదుర్గము అటు పోయినవి. మనము ఇటు మిగిలితిమి. నాటి నుండి ఇంటిలో తెలుగు, కచేరీలో కన్నడము. బిడ్డ పేరు ఒక భాషలో, చేని పహణీ మరియొక భాషలో. ఈ సంగతి ముందు పనికివచ్చును గనుక చదువరులు గుర్తుంచుకొనవలెను.

మా తాతగారు శిస్తు కాలమును గూర్చి కథలుగా చెప్పుచుండెడివారు. 1800లో నిజాము ఈ దత్తమండలములను కుంపిణీ వారికి అప్పగించిన పిమ్మట, థామస్ మన్రో 1807 వరకు ఇచ్చట కలెక్టరుగా నుండి, చేను చేనును కొలిపించి, ఏ రైతు ఎంత చెల్లింపవలెనో వాని పేరనే వ్రాయించెను. రైతువారీ పద్ధతి యనగా నిదియే. నాటి నుండి రైతు పేరు సర్కారు పుస్తకమునకెక్కినది. మా తాతగారి చిన్ననాట కూడ శిస్తు తేదీ దగ్గరపడినప్పుడు తలారి తప్పెట కొట్టుకొనుచు వీధి వీధి తిరిగెడివాడట. ఎవరి బాకీ యెంతయో యూరందరికిని తెలియును. ఆ లెక్క నలుగురి నోట నలుగుటకు సర్కారు ఏనాడును సంకోచింపలేదు, సిగ్గుపడవలసినవాడు రైతే.

ఇప్పుడు కాలము మారినది. సర్కారు రైతునడుగునది తక్కువ, ఇచ్చునది యెక్కువ. 2019 ఫిబ్రవరి 24న గోరఖ్‌పూరులో ప్రారంభింపబడిన ప్రధానమంత్రి కిసాన్ సమ్మాన్ నిధి వలన భూమిగల రైతు కుటుంబమునకు సంవత్సరమునకు 6,000 రూపాయలు, 2,000 చొప్పున మూడు కంతులుగా, తిన్నగా బ్యాంకు ఖాతాలో పడుచున్నవి. ఆ యేడే నాటి కర్ణాటక ప్రభుత్వము తన వంతుగా మరి 4,000 కలిపినది. తరువాతి ప్రభుత్వము వచ్చిన పిమ్మట అది నిలిచిపోయినది. మనకు ఇరుగుపొరుగులైన తెలుగు రాష్ట్రములందును ఇట్టివే గలవు. తెలంగాణమున 2018 మే 10న రైతుబంధు మొదలై, ఎకరమునకు పంటకు 4,000 చొప్పునను, తరువాత 5,000 చొప్పునను ఇచ్చినది. ఆంధ్రమున 2019 అక్టోబరు 15న రైతు భరోసా మొదలైనది. ఆ పేర్లును, మొత్తములును తరువాత మారినవి గాని, పద్ధతి యొక్కటే. నడుమ దళారి లేడు. చేయి తడుపవలసిన పని లేదు. ఇది గొప్ప మేలు. దీనిని కాదనువాడు పాత కాలపు కచేరీ మెట్లు ఎక్కియెరుగనివాడు.

అయితే దళారితోపాటు పొరుగువాని కన్ను కూడ నడుమ నుండి తొలగిపోయినది. సొమ్ము పడగనే చేతిలోని ఫోను చిన్న చప్పుడు చేయును. ఆ చప్పుడు పక్కింటివానికి వినబడదు. అడుగునప్పుడు తప్పెటతో అడిగిన సర్కారు, ఇచ్చునప్పుడు గుసగుసగా ఇచ్చుచున్నది. ఎవరికి వచ్చినది, ఎవరికి రాలేదు, రాకూడనివారికి ఎందుకు వచ్చినది అను ప్రశ్నలు ఊరిలో పుట్టుటకే చోటు లేకుండపోయినది.

ఈ ప్రశ్నలు నా మనస్సున తొలుత నాటినది అనంతపురములో. 2007లో నేనచ్చట తెలుగు పండిత శిక్షణ పొందుచుంటిని. ముందటి యేడు ఫిబ్రవరి 2న ఆ జిల్లాలోనే, నార్పల మండలము బండ్లపల్లిలో, జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము దేశమంతటికిని ప్రారంభింపబడెను. ఆ పథకపు ఖర్చును ఊరి ముందర చదివి సరిచూచు సామాజిక తనిఖీ యను పద్ధతి ఆంధ్రమున అప్పుడే వేళ్ళూనుచుండెను. ఒక దినము సహాధ్యాయి వెంట వాని యూరికి పోయినపుడు అట్టి ప్రజావేదిక నొకదానిని చూచితిని. వేపచెట్టు క్రింద జంబుఖానా పరచిరి. ఒక యువకుడు మస్టరు రోలు చేతబట్టి, పేరు, పనిదినములు, కూలి, వరుసగా చదువుచుండెను. నడుమ ఒక ముసలమ్మ లేచి, "ఆ వారము నేను మా కూతురింట్లో ఉంటి. పనికి యాడ పోతి?" అని అడిగెను. అందరును నవ్విరి. పలక మీద లెక్క తప్పిన పిల్లవానివలె మేస్త్రి తలవంచుకొనెను. ఆ ముసలమ్మకు చదువు రాదు. చదివి వినిపించువాడొకడు, వినుటకు ఊరు, ఈ రెండే ఆమెకు కావలసివచ్చినవి.

ఇట్టి బహిరంగ విచారణలకు దారి చూపినవారు రాజస్థానములోని మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన వారు. 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్ కిరానా యను పల్లెలో వారు తొలి విచారణ జరిపిరి. అచ్చటి పేదలు పలుగు, పార పట్టి చేసిన పని లెక్కలు చూపుమని యడిగిన యడుగుడే చివరకు 2005 నాటి సమాచార హక్కు చట్టమైనది. మన కర్ణాటకమున అంతకు ముందే, 2000లో, ఇట్టి చట్టమొకటి చేయబడెను. 2005 చట్టము 4వ సెక్షనులో ఒక మంచి మాట గలదు. రాయితీల పథకములు ఎట్లు నడుచుచున్నవో, ఎంత సొమ్ము కేటాయింపబడెనో, ఎవరెవరు పొందిరో, ఈ వివరములను ఎవరును అడుగకముందే ప్రభుత్వ కార్యాలయములు తమంతట తామే ప్రకటింపవలెనని దాని భావము.

ఈ చట్టమును నేను పదవ తరగతికి లేఖారచన చెప్పునప్పుడు వాడుకొనుచుందును. అర్జీ వ్రాయుట నేర్పవలెను గదా. వట్టి సెలవు చీటీ కంటె ఇది మేలు. 2022 ఫిబ్రవరిలో ఒక దినము, "మన గ్రామమున రైతు సాయము పొందినవారి జాబితా కోరుచు అధికారికి లేఖ వ్రాయుడు" అని పని యిచ్చితిని. ముందు వరుసలోని యొక బాలిక లేచి, "సార్, అడగనక్కరలేదు. జాబితా ఫోన్లోనే ఉంది," అనెను. నాకు సంతోషమైనది. నా ఫోను ఆమె చేతికిచ్చి చదువుమంటిని. రాష్ట్రము, జిల్లా, తాలూకా, ఊరు, ఒక్కొక్కటి ఎంచుకొనగా మన యూరి రైతుల పేర్లన్నియు తెర మీద వరుసగా నిలిచినవి. పిల్లలందరు ఆమె చుట్టు మూగిరి. తన తాత పేరు విని యొకడు, పక్కింటి మామ పేరు విని యొకడు కేరింతలు కొట్టుచుండిరి. ఆమె చదువుచు చదువుచు ఆగి, నా మొగము చూచి మెల్లగా అడిగెను.

"సార్, ఈ పేరు మీ నాయనది గదా?"

మా నాయన 2020 నవంబరులో పోయెను. ఆయన దినమునకు ఆ పిల్లయే తల్లితో వచ్చి భోజనము చేసి పోయినది. తరగతి యంతయు ఊరకుండెను. నేను ఫోను తీసికొని, "పాత జాబితా అయియుండును, తరువాత చూతము," అని, గంట కొట్టకమునుపే పాఠము ముగించితిని. జాబితా పాతది కాదని నాకు అనుమానము లేకపోలేదు. సత్యవాక్యమును గూర్చి పద్యములు వల్లె వేయించు నోటితో ఆ మాట పలికితిని. ఈ వ్యాసమున నేను చెప్పదలచిన తప్పులలో అది మొదటిది.

ఇంటికి పోయి మా యమ్మనడిగి ఖాతా పుస్తకము తెరచితిని. అది మా నాయన పేరును, మా యమ్మ పేరును కలిసియున్న ఖాతా. నాయన పోయిన తరువాత కేంద్రము వారి కంతులు నాలుగు పడియున్నవి: 8,000. రాష్ట్రము వారివి రెండు: 4,000. మొత్తము 12,000 రూపాయలు. "మీ నాయన పేరుతో వస్తాండె. ఆయన సొమ్మే గదా అనుకొంటి. మందులకు తీసుకొంటి," అని మా యమ్మ చెప్పెను. ఆమెను నేనేమందును? మరణము నమోదు చేయించి, పొలము పహణీని నా పేరునకు మార్చుకొనుటకు కచేరీకి పోయినవాడను నేను. ఈ పథకము వారికి ఒక ముక్క తెలియజేయుట మాత్రము మరచినవాడను కూడ నేనే. భూమి నా పేరున మారిన పిమ్మట నాకైనను ఈ సొమ్ము చెల్లదు. సర్కారు జీతము తీసికొను ఉద్యోగి దీనికి అర్హుడు కాడని నియమములో స్పష్టముగా నున్నది.

మావంటి ఇండ్లు దేశమున తక్కువ లేవు. 2021 జులైలో కేంద్ర వ్యవసాయ మంత్రి పార్లమెంటునకు చెప్పిన లెక్క ప్రకారము, అర్హత లేని సుమారు 42 లక్షల మందికి ఈ పథకమున దాదాపు 3,000 కోట్ల రూపాయలు చేరినవి. ఆ వార్త పత్రికలో చదివినప్పుడు నేను తల యూచి, "చూచితివా దేశమెట్లున్నదో," అని పక్క ఉపాధ్యాయునితో అన్నట్లు జ్ఞాపకము. అప్పటికే మా యింటి ఖాతాలో రెండు కంతులు పడియుండెను.

ఆ రాత్రి భోజనమైన తరువాత వాకిట ఎవరో నిలిచిన అలికిడి యైనది. వచ్చినవాడు ఆ బాలిక తండ్రి. ఆయన మా మూడెకరముల గుత్త రైతు. మా నాయన కాలము నుండి ఆ మడి దున్ని, నారు పోసి, నాటించి, కోయించుచున్నవాడు. లోపలికి రమ్మన్నను గడప దాటలేదు. తువాలు చేతిలో నలుపుచు, "అయివారూ, పాప తెలియక ఏదో అడిగిందంట. మనసులో పెట్టుకోవద్దు. చేను సంగతి..." అని ఆగిపోయెను.

అప్పటికి గాని ఆ పిల్ల చేసిన పని యెంతటిదో నాకు తెలిసిరాలేదు. అనంతపురము పల్లెలో ఆ ముసలమ్మ లేచినప్పుడు ఆమె వెనుక ఊరు కూర్చుండియుండెను. తనిఖీ చేయువారు పరగ్రామము నుండి వచ్చినవారు. ఇచ్చట ఈ బాలిక ఒంటరిగా లేచినది. ఆమె అడిగిన ఒక్క ప్రశ్న మీద ఆమె యింటి అన్నము ఆధారపడియున్నది. జాబితా అందరికిని తెరచియున్నదని చెప్పుట సులభము. దానిని పైకి చదువుటకు ఎవరికి ధైర్యముండును, ఆ ధైర్యమునకు ఎవరు మూల్యము చెల్లింతురు అను సంగతి ఏ తెర మీదను కనబడదు. నేనాయనను కూర్చుండబెట్టి, "మీ పాప అడిగినది న్యాయమే. చేను మీ చేతనే యుండును," అని చెప్పి పంపితిని.

మరునాడే సొమ్ము తిరిగి చెల్లించుటకు పూనుకొంటిని. సంబంధించిన కార్యాలయమునకు రెండు మారులు తిరిగితిని. అచ్చట ఒకరు నన్ను ఎగాదిగా చూచి, "మిమ్మల్ని ఎవరైనా అడిగినారా? ఊరకుండండి," అనిరి. ఆ మాట దయతోనే అన్నది. అట్టి దయయే ఈ 42 లక్షల లెక్కకు కారణములలో నొకటి కావచ్చును. తుదకు దారి తెలిసి రెండు వంతులును కట్టి, మా నాయన పేరు తీసివేయుమని మరణపత్రముతో అర్జీ పెట్టి, రశీదులు తీసికొని తరగతికి పోయితిని. ముందు దినము నేను చెప్పినది అబద్ధమని ఒప్పుకొని రశీదులు చదివితిని. పిల్లలు చప్పట్లు కొట్టలేదు. అది నాకు మేలైనది. ఆ బాలిక మాత్రము మరల లేచినది. ఈ సారి గొంతు ముందుకంటె సన్నగా నుండెను.

"సార్, మా నాయన పేరెందుకు లేదు?"

దీనికి బదులు చెప్పుట 12,000 కట్టుట కంటె కష్టమైనది. ఈ పథకమున సాయము భూమి యజమానికే గాని దున్నువానికి కాదు. అది మొదటి బదులు. రెండవది మన రాష్ట్ర చట్టమునకు సంబంధించినది. దున్నువానికే భూమి చెందవలెనను ఆశయముతో కర్ణాటక భూసంస్కరణల చట్టమును సవరించి, 1974 మార్చి 1 నుండి కౌలును నిషేధించిరి. సైనికులకు, నావికులకు తప్ప ఎవరికిని భూమి గుత్తకిచ్చు హక్కు లేదు. ఆ చట్టము వలన నాడు ఎందరో కౌలుదార్లు యజమానులైరి. ఆ మేలును మరువరాదు. కాని గుత్త మాత్రము ఊళ్ళ నుండి పోలేదు. కాగితము మీది నుండి పోయినది. నోటి మాట మీద నడుచు గుత్తకు పత్రము లేదు, పత్రము లేనివానికి పహణీలో పేరు లేదు, పహణీలో పేరు లేనివానికి ఏ జాబితాలోను చోటు లేదు. సరిహద్దునకు అటు, ఆంధ్రమున, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టము చేసి, 11 నెలలకు యజమాని సమ్మతితో సాగుదారునకు పత్రమిచ్చు ఏర్పాటు చేసిరి. అదియు యజమాని వ్రాలు పెట్టిననే గదా. తెలంగాణమున రైతుబంధు కౌలుదారులకు వర్తింపలేదు. ఎన్ని యెకరములున్నను యజమానికి మాత్రము వర్తించినది.

ఇదంతయు తరగతిలో చెప్పితిని. చెప్పిన పిమ్మట, ఒక మాట మిగిలియున్నదని నాకే తోచినది. ఆ కాగితము లేకుండుట వలన లాభపడినవారిలో నేనును ఒకడను. మా గుత్త నోటి మాటయే. నలుబది యేండ్ల వయస్సున, పండితుడనని పేరు పెట్టుకొని, చట్టము అనుమతింపని ఒప్పందము మీద ధాన్యము కొలిపించుకొనుచున్నాను. ఇది నా రెండవ తప్పు. మొదటి దానికి రశీదు దొరకినది. దీనికి ఇంతవరకు దొరకలేదు. ఆ యేటి నుండి గుత్తలో సంవత్సరమునకు 6,000 తగ్గించితిని. అది దానమని యెవరును అనుకొనవలదు. చేను చూచి సర్కారు ఇచ్చు సొమ్ము చేనిలో నిలిచినవానికి చేరవలెనని నేను వేసికొన్న లెక్క మాత్రమే.

తరువాత నెలలో పెద్దల సమ్మతి తీసికొని, పదవ తరగతి పిల్లలు ఆ జాబితాను పెద్ద కాగితముల మీద కన్నడములోను, తెలుగులోను వ్రాసిరి. ఒక ఆదివారము చావడిలో ఇద్దరిద్దరుగా నిలిచి చదివిరి. ఇద్దరిద్దరుగా అను నియమము నేను పెట్టినది. కారణము మీకు తెలియును. తొలి పేరు మా నాయనదిగా నుండవలెనని కూడ నేనే కోరితిని. "ఈ పేరు తీసివేయబడవలసినది, సొమ్ము తిరిగి కట్టబడినది," అని చదివిన తరువాత, తక్కినవారికి నోరు విప్పుట కొంత సులభమైనది. చనిపోయినవారి పేర్లు మరి రెండు బయటపడినవి. ఆ యిండ్లవారు కోపగింపలేదు. తెలియక జరిగినదని తామే చెప్పిరి.

అంతకంటె పెద్ద సంగతి వేరొకటి. రాకూడని సొమ్ము వచ్చినవారి కంటె, రావలసిన సొమ్ము రానివారే ఆ దినము ఎక్కువగా తేలిరి. కారణము సరిహద్దు బ్రతుకు. పహణీలో పేరు కన్నడమున నుండును, ఆధారులో ఇంగ్లీషున నుండును, మనిషి నోట తెలుగున నుండును. తెలుగువారికి ఇంటిపేరు ముందు. కన్నడ కచేరీలో తండ్రి పేరు వెనుక. మనము హనుమంతు డనునది అచ్చట హనుమంత. మనము వెంకటేశు లనునది వెంకటేశ. ఎల్లమ్మ యను పేరే చూడుడు. పలుకునప్పుడు మనము యెల్లమ్మ యందుము. ఇంగ్లీషున వ్రాయువాడొకడు 'ఈ' అక్షరముతో మొదలుపెట్టును, మరియొకడు 'వై' అక్షరముతో. యంత్రమునకు ఆ రెండును వేరు వేరు మనుష్యులు. పాపము, యడాగమమని దానికెవరు చెప్పిరి? అట్టి యొక వృద్ధురాలికి ఒక్క కంతు వచ్చి, తరువాత నిలిచిపోయినది. సర్కారు ఆపివేసినదని ఆమె అనుకొనెను. ఎవరినడుగవలెనో తెలియక ఊరకుండెను. నేను తెలుగు పండితుడనైనందుకు ఊరికి ఉపకరించిన దినము అదియే కాబోలు. మూడు లిపులలోని పేరులను సరిచూచి, ఇది అదియే యని సంధి విడదీసి చూపి, పిల్లలచేత అర్జీలు వ్రాయించితిని. లేఖారచనకు అంతకంటె మంచి అభ్యాసము నేనెన్నడును ఈయలేదు.

కొందరు ఆక్షేపించిరి. "మా యింటి లెక్క నలుగురికెందుకు?" అని ఒక పెద్దమనిషి అడిగెను. ఆ మాటను తేలికగా త్రోసివేయరాదు. ధనిక దేశములందును ఈ వివాదము నడచినది. అమెరికాలో వ్యవసాయ రాయితీలు పొందినవారి పేర్లు, మొత్తములు 2001లో ఒక పర్యావరణ సంస్థ అందరికిని కనబడునట్లు పెట్టినది. సాయములో పెద్ద భాగము పెద్ద కమతములకే పోవుచున్నదని ప్రజలు కన్నులార చూచిరి. ఐరోపాలో అట్లే పేర్లు ప్రకటింపగా, జర్మనీలోని హెస్సె రాష్ట్రపు వ్యవసాయదారులు న్యాయస్థానమునకు పోయిరి. 2010 నవంబరు 9న ఐరోపా న్యాయస్థానము, ఇచ్చిన మొత్తమెంత, ఎంతకాలమిచ్చిరి అను తారతమ్యము లేకుండ వ్యక్తులందరి పేర్లను ప్రకటించుట హద్దు మీరుటయని తీర్పు చెప్పెను. వారు ప్రకటనను మానివేయలేదు, హద్దును వెదకిరి. 2013లో చేసిన కొత్త నిబంధనలో చిన్న మొత్తము పొందువారి పేర్లను మరుగుపరచి, తక్కినవారివి ప్రకటించు పద్ధతి పెట్టిరి. ఆ చిన్న మొత్తమునకు మేర 1,250 యూరోలు.

మనకును హద్దు కావలెను. పేరు, ఊరు, సాయపు మొత్తము ఊరికి తెలియవలెను. అది ఊరందరి పన్నుల సొమ్ము. ఆధారు సంఖ్య, ఖాతా సంఖ్య, ఫోను సంఖ్య తెలియరాదు. అవి దొంగకు పనికివచ్చును గాని పొరుగువానికి పనికిరావు. మా పిల్లలు చావడిలో వ్రాసిన కాగితములందు ఈ భేదము పాటించిరి. 2023లో పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణకై ఒక చట్టము చేయుచు, సమాచార హక్కు చట్టములో వ్యక్తిగత సమాచారమునకు సంబంధించిన నిబంధనను మార్చినది. రాయితీ పొందినవారి వివరములు ప్రకటింపవలెనను 4వ సెక్షను మాట మాత్రము అట్లే యున్నది. వ్యక్తిగతమను పేరున రేపు ఏ యధికారియైనను ఊరి జాబితాను మూసిపెట్టునేమో యను శంక నాకు గలదు. ఆ జాబితా మూసియుండినచో మా నాయన పేర ఇంకెన్ని కంతులు వచ్చెడివో నేను చెప్పలేను.

ఇంకొక సంగతి చెప్పి ముగింతును. 2023లో వానలు తప్పినవి. కర్ణాటకమున 236 తాలూకాలలో 223 తాలూకాలు కరవు తాలూకాలుగా ప్రకటింపబడినవి. కేంద్ర సాయము కొరకు రాష్ట్రము సుప్రీంకోర్టు వరకు పోగా, 2024 ఏప్రిలులో 3,454 కోట్లు విడుదలైనవి. పంట నష్టపు పరిహారమునకు అప్పటి కేంద్ర నియమములలో ధర నిర్ణయింపబడియుండెను. వర్షాధారపు భూమికి హెక్టారునకు 8,500, నీటి పారుదల భూమికి 17,000, బహువార్షిక తోటలకు 22,500. అదియు రెండు హెక్టార్లకు మించకుండ. ఈ మూడు అంకెలను ఎనిమిదవ తరగతి పిల్లలు నల్లబల్ల మీద వ్రాసికొని, తమ తమ యిండ్ల విస్తీర్ణముతో గుణించి, వచ్చిన సొమ్ముతో పోల్చి చూచుకొనిరి. నేను చెప్పలేదు, పై తరగతివారిని చూచి నేర్చుకొనిరి. ధర తెలిసి, విస్తీర్ణము తెలిసి, పేరు తెలిసినప్పుడు లెక్క సరిచూచుటకు అధికారి అక్కరలేదు, గుణకారము వచ్చిన పిల్ల చాలును. ఆ పరిహారమును మా మూడెకరముల గుత్త రైతు పేర రాలేదు. అది నా ఖాతాలో పడగా, పంట పోగొట్టుకొన్నవానికి ఇచ్చివేసితిని. ఆ పద్దును ఇచ్చట వ్రాయుచున్నాను, ఎందుకనగా ఏ సర్కారు జాబితాలోను ఆయన పేరు వ్రాయుటకు నాకు దారి కనబడలేదు.

నాడు ప్రశ్న అడిగిన బాలిక నేడు బళ్ళారిలో డిగ్రీ చదువుచున్నది. సెలవులకు వచ్చినప్పుడు నన్ను చూడవచ్చును. ఆ దినమును గూర్చి మేమెన్నడును మాటలాడుకొనలేదు.

విద్యార్థులారా, చావడి గోడ మీది జాబితా వాన తగిలి వెలిసిపోయినది. ఈ వేసవిలో మరల వ్రాయవలెను. కొత్త పేర్లు చేరియుండును, కొందరు కాలము చేసియుందురు, కొందరి పేర్లు అక్షరము తప్పి ఆగిపోయియుండును. కాగితములు, రంగులు నేను తెచ్చెదను. చదువుటకు మాత్రము ఇద్దరిద్దరుగా రండు.